సంచి అడుగున మూడు బంతులు

తమ్ముడూ, నాన్నకి జ్వరం దిగింది, కంగారుపడకు. మండుతున్నది నా ఒళ్ళే.

కడుపు ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో కఫం చేరిందట. "స్పైరోమెట్రీ చేయించలేదా?" అని డాక్టరు నా మీద ఎగిరాడు. అదేమిటో నాకేం తెలుసు! గాలి గట్టిగా పీల్చి మూడు బంతుల్ని పైకి లేపే డబ్బా అట. తువ్వాలు కోసం నాన్న సంచి వెతికితే అడుగున దొరికింది, కవరైనా విప్పలేదు. "బొమ్మ ఇచ్చారమ్మా, పాప కోసం దాచాను" అన్నారు.

వెళ్ళి నర్సుని నిలదీశాను. "చెప్పాం, అర్థమైందా అంటే తలూపారు" అంది. తెల్లకోటు కనబడితే చాలు, ఆయన దేనికైనా తలూపుతారు. "ఒక్కసారి చేసి చూపించమనడానికి మీకు నోరు రాలేదా?" అని వార్డంతా వినేలా కడిగేశాను. ఇప్పుడు ఆవిడే పక్కన నిలబడి చేయిస్తోంది.

వచ్చేవారం తీసుకొస్తాను. ఆయన మెట్లెక్కకూడదు, కింది గదిలో మంచం వేయించు. కుళాయి బాగుచేయించావా, ఇంకా కారుతూనే ఉందా?

మరదలిని అడిగానని చెప్పు. నీ కూతురికి ముద్దులు. ఆ డబ్బా దానికే ఇస్తాను, రోజూ తాత చేత ఆడించమను. దాని ముందు ఆయన తలూపి తప్పించుకోలేరు.

అక్క