బురదగుంటకు రాని తల్లీ పిల్లా

సెప్టెంబర్ 12
ల్యాబ్‌లో మళ్ళీ అస్సాం అడవి వీడియోలు. చూడటం, రాయడం, అంతే నా పని — మేసింది, పడుకుంది, బురదలో దిగింది. ఎండ ఎక్కగానే తల్లి ఖడ్గమృగం అదే గుంటకు వస్తుంది. దిగేముందు ఆగి గాలి వాసన చూస్తుంది. పిల్లకు ఆ ఓపిక ఎక్కడిది, జర్రున జారి మూతి దాకా మునుగుతుంది. పేడ వేయడానికి కూడా ఎప్పుడూ అదే కుప్ప దగ్గరికే! ఆ మాత్రం పద్ధతి మా అపార్ట్‌మెంట్‌లో ఉంటే సింక్ ఇట్లా ఎందుకుంటుంది.

సెప్టెంబర్ 13
పొద్దున పొయ్యి దగ్గర రూమ్మేట్ స్రవంతి — "నీకేం తల్లీ, జంతువుల్ని చూస్తే జీతమిస్తారు. మాకు ఇంటర్వ్యూ కాల్సే లేవు." నవ్వుతూనే అంది. నాకు ఒళ్ళు మండింది. నా పని ఏంటో చూడనీ అని పిల్ల జారే క్లిప్ పంపాను. అమ్మకూ పంపాను. పంపకూడదని తెలుసు... గొప్ప కోసం.

సెప్టెంబర్ 16
ఆ క్లిప్‌ను స్రవంతి ఇక్కడి తెలుగు స్టూడెంట్స్ గ్రూపులో పెట్టేసింది! వీడియో కింది పట్టీలో కెమెరా పెట్టిన చోటు, టైమ్‌తో సహా. కొమ్ము కోసం చంపేవాడికి ఇంకేం కావాలి? వీడియోలు ల్యాబ్ దాటకూడదన్నది అందుకే.

"డిలీట్ చేయవే" అన్నాను.

"నేను చేస్తా సరే, ఫార్వర్డ్ చేసినోళ్ళ సంగతేంటి? అయినా మనోళ్ళు ఖడ్గమృగాన్ని వేటాడతారా ఏంటే!" అంది స్రవంతి.

నిజమే కదా అనిపించింది. కాసేపు హాయిగా కూడా ఉంది. ఛీ, సిగ్గు లేదు నాకు.

సెప్టెంబర్ 19
చెప్పేద్దామని ప్రొఫెసర్ గది దాకా వెళ్ళాను. స్టేప్లర్ అడిగి తెచ్చుకున్నాను.

సెప్టెంబర్ 22
కొత్త వీడియోలు వచ్చాయి. ఎండ ఎక్కింది, దిగింది. గుంట దగ్గర ఒక కొంగ, అంతే. వానలు పడ్డాయేమో, ఇంకో గుంట దొరికిందేమో... అలా మారడం మామూలే. అయినా ఆ వీడియోలే మళ్ళీ మొదటి నుంచి చూశాను.

సెప్టెంబర్ 23
మీటింగ్. తల్లీ పిల్లా కనబడటం లేదని ప్రొఫెసరే మాటెత్తారు. "ఎనీ రీజన్ టు వర్రీ? ఉంటే అక్కడి గార్డులకు ఇప్పుడే చెబుతాను" అన్నారు. అందరూ తల అడ్డంగా ఊపారు. నేనూ ఊపాను.

చెబితే పని పోతుంది. చెప్పకపోతే గుంట దగ్గర కాపలా ఉండదు. ఇంత తెలిసీ ఊపాను. అద్దంలో ముఖం చూసుకోబుద్ధి కావడం లేదు.

సెప్టెంబర్ 24
అమ్మ ఫోన్. "మీ పెదనాన్నోళ్ళ గ్రూపుల గూడ అందరు చూసిన్రే. నా బిడ్డ పనే అని చెప్పిన. ఇంకోటి పంపు, ఆ బుజ్జిది ఎట్లున్నదో చూస్తం."

"కనబడ్తలేదమ్మా. తల్లి గూడ."

"అయ్యో! మరి మీ సార్‌కు చెప్పినవా?"

మ్యూట్ నొక్కాను.

"హలో... బిడ్డా, ఇనబడ్తుందా?" అంటోంది అమ్మ.