మర్యాద తెలియని టీచరమ్మ

కుస్కో

తమ్ముడూ వాల్దో,
మేమంతా క్షేమం. నీ కూతురి చదువు గురించి ఇక బెంగ పెట్టుకోకు. బడివాళ్లు ఫోనుకు పంపిన వీడియో పాఠాలు మన క్వెచువా భాషలోనే ఉన్నా, నైదా మొదట చూడనంది. "నేను పలకరిస్తే అందులో టీచరమ్మ పలకలేదత్తా. అంత పొగరైతే నేను చదవను" అని మూతి ముడుచుకుంది. పలకరింపుకు బదులివ్వని మనిషిని మన ఊళ్లో ఎవరు గడపెక్కనిస్తారు? అందుకని రోజూ తలుపు వెనక నక్కి, గొంతు మార్చి "బాగున్నావా తల్లీ" అంటున్నాను. అక్షరాలు కూడబలుక్కునే పిల్ల నిన్న నక్క కథ మొత్తం చదివేసింది.

నల్ల ఆల్పాకాకు ఉన్ని బాగా పెరిగింది, దాన్ని అమ్మమంటావా, ఉంచమంటావా? అక్కడ ద్రాక్షతోట పనిలో ఎండకు టోపీ పెట్టుకో.

పొద్దున నైదా నా చెవిలో చెప్పింది: "పలికేది నువ్వేనని నాకు తెలుసులే అత్తా. మానెయ్యకు. పాపం, ఆవిడకి ఎవరూ మర్యాద నేర్పలేదు."

చల్లగా ఉండు.
నీ అక్క హసింతా