కాదనే మనిషి కావాలి

అత్తయ్యా,

నువ్వు బాగున్నావనుకుంటున్నాను. ఇక్కడ నాన్న బాగా లేరు. జ్వరమేమీ కాదు, తిండి తగ్గించేశారు.

అమ్మ ఉన్నప్పుడు మా ఆదివారాలు నీకు తెలుసు కదా. కొట్లో అన్నిటికంటే చవకైన వైన్ సీసా నాన్న తెచ్చేవారు. అమ్మ వండిన కూర నంజుకుంటూ ఒక గుక్క తాగి, తియ్యటి వైన్‌ని కావాలనే "ఒట్టి వగరు" అనేవారు. "మీ నాలుక ఎవరికైనా తాకట్టు పెట్టారా?" అని అమ్మ విరుచుకుపడేది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆ వాదన నడిచేది.

అమ్మ పోయాక మొన్న ఆదివారం మొదటిసారి నేను వండాను. నాన్న సీసా తెచ్చి రెండు గ్లాసుల్లో పోశారు. ఒక గుక్క తాగి, నా వైపే చూస్తూ "ఒట్టి వగరు" అన్నారు.

ఈ మధ్య నేను రుచులను వర్ణించే మాటలన్నీ ఇష్టంగా పోగేసుకుంటున్నాను. అన్ని మాటలుండీ, ఆయన మనసు కష్టపెట్టకూడదని "అవును నాన్నా, వగరే" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "సరేలేమ్మా" అని కంచం పక్కకి జరిపి లేచిపోయారు. ఆ తర్వాత నా గ్లాసులోది రుచి చూశాను. తియ్యగా ఉంది.

వచ్చే ఆదివారం రా అత్తయ్యా. చిన్నప్పుడు నాన్నతో రోజూ పోట్లాడేదానివట. ఆయన ఏమన్నా కాదను. నేను కాదందామంటే మాటకంటే ముందు ఏడుపొస్తోంది. కూరలో ఉప్పు కొంచెం తగ్గించి వేస్తాను. అక్కడి నుంచి మొదలుపెట్టు.

నీ మేనకోడలు