పై వాటా ఖాళీగానే ఉంది

గుండ్లపోచంపల్లి,
మంగళవారం.

హరిచందనా, నేను కులాసా.

మీ ఇద్దరి కోసం వెనక వీధిలో పై వాటా మాట్లాడాను. ఇంటాయన అన్నీ ఒప్పుకున్నాడు. పెళ్లి ఫొటోలో కెన్యావాడైన మీ ఆయన కమావును చూడగానే, "యాది మర్సిన పెద్దమ్మా, మా సుట్టాలే దిగుతున్రు" అని నవ్వాడు. మర్నాడు పక్కింటి దానమ్మను పంపి, ఆవిడ చుట్టాలకన్నట్టు అడిగిస్తే, "ఖాళీగనే ఉంది, ఎప్పుడొస్తరు?" అన్నాడట.

ఆ నవ్వు నాకు తెలుసు. కమావు మొదటిసారి వచ్చినప్పుడు, పనిమనిషికిచ్చే గ్లాసులో నీళ్లిచ్చి నేనూ అలాగే నవ్వాను.

దానమ్మ తన కింది వాటా ఇస్తానంటోంది. నమ్మను. అడ్వాన్సు కట్టకముందే కమావును తీసుకురా. ఆవిడ వంటింట్లో కూర్చోబెట్టి చూద్దాం.

అతను కారం ఎంత తింటాడో రాయి. ఆ గ్లాసులో ఇప్పుడు నేనే తాగుతున్నానని అతనికి చెప్పు.

ఇద్దరూ చల్లగా ఉండండి.

అమ్మమ్మ