ముందు సీటు కింది ప్యాకింగ్ మార్చేదాకా

నాగాయలంకలో కాపురముంటున్న కొక్కిలిగడ్డ వెంకటసాయి భార్య వీరదుర్గ అనే నేను, ఐదో తరగతి వరకు చదువుకున్నదాన్ని, స్వయంగా రాసుకుంటున్న వీలునామా ఇది. రేపు విజయవాడ ఆసుపత్రిలో చేరుతున్నాను, ఎల్లుండి గుండెలో వాల్వు ఆపరేషన్. ఇప్పుడు నాకు తెలివి సరిగానే ఉంది. జ్వరం లేదు, ఎవరూ పక్కన నిలబడి రాయించడం లేదు. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఇంట్లో నలుగురి ముందు చెప్పలేనిది కూడా ఇందులోనే చెబుతున్నాను.

1. దీన్ని అమలు చేసే బాధ్యత చల్లపల్లిలో షెడ్డు నడిపే మెకానిక్ తాతారావు బాబాయి గారిది. ఆయన మాకు చుట్టం కాదు. మా ఇంట్లో ఎవరి దగ్గరా ఆయనకు మొహమాటం లేదు, అందుకే ఆయన్ని పెట్టాను.

2. నా కమ్మలు, కాళ్ల పట్టీలు నా కూతురు దివ్యశ్రీవి. పట్టీలు ఇప్పుడే పెట్టవద్దు, పరుగెత్తి పారేసుకుంటుంది. కుట్టు మిషను బందరు గిలకలదిండిలో ఉంటున్న మా అమ్మ సుబ్బమ్మకు. అమ్మ తన గాజులు ఇవ్వబట్టే మేము వ్యాను కొనగలిగాం, అందుకే బండి కాగితాలు నా పేరున ఉన్నాయి.

3. మేం చేపలు తోలే ఆ తెల్ల వ్యాను, ఇంజిను ముందు సీటు కింద ఉండే పాత పెట్రోలు బండి, నా భర్తకు చెందాలి. అయితే ఒక షరతు. పొగగొట్టం ఇంజినుకు కలిసే చోట పొగ కారకుండా వేసే ప్యాకింగు కాలిపోయింది, దాన్నీ పగిలిన గొట్టాన్నీ మార్చి, బాబాయి గారు సరే అనేదాకా ఆ బండి గుమ్మం దాటకూడదు.

ఎందుకో రాయకపోతే పిచ్చిదనుకుంటారు. కిందటి వానాకాలం నుంచి డాష్‌బోర్డు మీద ఇంజిను బొమ్మ లైటు వెలుగుతోంది. మా అత్తగారు లక్ష్మీకాంతమ్మ గారు “దీపం వెలుగుతుంటే ఆర్పుకుంటారటే” అన్నారు. మరిది సత్తిబాబు దాని మీద దుర్గమ్మ స్టిక్కరు అంటించి, “నీ పేరింటి తల్లే వదినా, ఇక ఆవిడే చూసుకుంటుంది” అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత కుళ్లిన గుడ్డు వాసన మొదలైంది. ఇది చేపల వాసన కాదండీ అంటే మావారు “అవును, బందరు పిల్లవి, చేపల సంగతి నీకే తెలియాలి” అని నన్నే ఆటపట్టించారు.

బాబాయి గారు కూడా మొదట పొరబడ్డారు. పొగలో గాలి ఎంత మిగిలిందో చూసి ఇంజినుకు చెప్పే ఆక్సిజన్ సెన్సారు పోయిందని కొత్తది వేశారు. వారం తిరక్కుండా లైటు మళ్లీ వచ్చింది. ఈసారి కన్వర్టరు అన్నారు. సైలెన్సరుకు ముందుండే డబ్బా అది, లోపల తేనెతుట్టెలా గళ్లుంటాయి, పొగలో మిగిలిన పెట్రోలును అక్కడే కాల్చేస్తుంది. సత్తిబాబు “గళ్లు పొడిపించేసి గుల్ల చేయిద్దాం అన్నయ్యా, బండి గుర్రంలా లాగుద్ది” అన్నాడు. మావారు తలూపారు గానీ ఇంకా చేయించలేదు.

కిందటి నెల ఒక ఆదివారం పాపను కూడా తీసుకుని గుడివాడలో చేపలు దించి వస్తున్నాం. పామర్రు దాటాక రోడ్డు మీద మినుము కట్టె పరిచి ఉంది. బళ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుందని అక్కడ రైతులు పరుస్తారు. ఫోను వచ్చిందని మావారు ఆ కట్టె మీదే బండి ఆపారు. కాసేపటికి కింద నుంచి పొగ, ఆ వెంటనే మంట. కన్వర్టరు కాగి ఎండు కట్టెను అంటించింది. ముందు సీట్లో, నా పక్కన దివ్యశ్రీ నిద్రపోతోంది. పిలిచాను, లేవలేదు. కుదిపాను, లేవలేదు. రెక్క పట్టుకుని గట్టు మీదికి లాక్కుపోయాను. మావారు చేపల పెట్టెల్లో కరిగిన ఐసు నీళ్లు గుమ్మరించి మంట ఆర్పారు. ఆ చేలో రైతు బుచ్చిరాజు గారు “తొక్కమని పరిచాం గానీ కాల్చమని కాదయ్యా” అన్నారు. ఇంట్లో ఇప్పటికీ అందరూ ఆ మంట గురించే చెప్పుకుంటారు. పాప లేవని సంగతి ఎవరూ ఎత్తరు. గాలి తగిలాక వాంతి చేసుకుని కళ్లు తెరిచింది.

బాబాయి గారికి నేనే ఫోను చేశాను. ఆయన వచ్చేసరికి ఇంట్లో మగవాళ్లు లేరు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు చూడాలన్నారు. వెనక గొట్టం మూతికి తడి గోనె అడ్డం పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. బండి స్టార్టు చేయగానే ముందు సీటు కింద నుంచి టప్ టప్‌మని చప్పుడు. పగులు అక్కడ ఉంది. అందులోంచి బయటి గాలి లోపలికి పోయి సెన్సారును మోసం చేస్తోంది. పెట్రోలు చాలడం లేదనుకుని ఇంజిను ఇంకా పోస్తోంది. ఆ ఎక్కువ పెట్రోలు కన్వర్టరులో కాలి అది ఎర్రగా కాగుతోంది, ఆ కుళ్లిన గుడ్డు వాసనా దానిదే. అదే పగులులోంచి పొగ సీట్లోకి వస్తోంది. అందులో రంగూ వాసనా లేని విషం ఉంటుందట. ముందు తలనొప్పి, తర్వాత నిద్ర. వ్యానులో బడికి వెళ్లిన రోజుల్లో పాప మొదటి పీరియడులోనే తూలుతోందని టీచరు ఎన్నిసార్లు కబురు పంపిందో. బస్సులో వెళ్లిన రోజు ఆ మాటే లేదు.

మావారికి చెప్పాను. “నీ ఆపరేషన్ కానివ్వు, చూద్దాం. రోజూ పాపను నీ దగ్గరికి తీసుకురావాలా, బండి లేకపోతే ఎలా? అద్దాలు దించుకుని వస్తాంలే” అన్నారు. ప్రేమతోనే అన్నారు. నాకు భయం అక్కడే.

4. సత్తిబాబుకు నా సెల్‌ఫోను. గళ్లు పొడిపిస్తే పగులు పోదు, పొగా పోదు. ఆ స్టిక్కరు నేనే పీకి ఈ కాగితం అడుగున అంటించాను. లైటు ఇప్పుడు అందరికీ కనబడుతుంది.

5. అత్తగారికి నా పెళ్లి పట్టుచీర. నా జబ్బు దాచి పెళ్లి చేశారని ఆవిడ ఇప్పటికీ అంటారు. మేం దాచలేదు, కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ చెబితేనే మాకూ తెలిసింది. ఐదో నెలలో నాకు మామిడికాయ పులుసు రోజూ చేసిపెట్టింది కూడా ఆవిడే. రెండూ గుర్తున్నాయి.

6. సాక్షి సంతకం చేసేవాళ్లకు ఏమీ రాయకూడదట. అందుకని నాకు తోడుగా విజయవాడ వస్తున్న మా ఊరి నర్సు రూతుకు ఆకుపచ్చ చీర పొద్దునే చేతికిచ్చేశాను.

7. వ్యాను తాళాలు రెండూ, దేవుడి గూట్లో దాచే రెండోది కూడా, నా వెంట తీసుకుపోతున్నాను. ఆపరేషన్ ముందు ఒంటి మీదివన్నీ తీసేయమంటారు. అప్పుడు తాళిబొట్టు మావారికి, తాళాలు రూతుకు ఇస్తాను. ఆమె వాటిని బాబాయి గారికే ఇవ్వాలి. ఈ ఒక్క షరతు నేను బతికినా ఇంతే.

నన్ను చూడ్డానికి బస్సులో రండి. పాపను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. బస్సు వచ్చేసరికి నేను లేకపోతే, ఆలస్యమైందని మావారు తనను తాను తిట్టుకోకూడదు. ఆ ఆలస్యం నేను కోరి తెచ్చుకున్నది.

నాగాయలంక, 2025 మార్చి 9, ఆదివారం.

(సంతకం) కొక్కిలిగడ్డ వీరదుర్గ

మా కళ్లెదుటే చదివి సంతకం చేసింది. సాక్షులు:
1. రూతు, నర్సు, నాగాయలంక
2. ఏడుకొండలు, వలలు అల్లే పని, వీరదుర్గ పక్కిల్లు