ఇద్దరు స్నేహితుల సంతకాలు

కౌన్సెలింగ్ విభాగం గుమాస్తా గారికి నమస్కారాలు.

మూడు వారాలుగా పొద్దున మంచం దిగబుద్ధి కావడం లేదు. తిండి సహించడం లేదు. ఏడుపు మాత్రం వేళ తప్పకుండా వస్తోంది. కౌన్సెలర్ మేడంని కలవాలి. మీరిచ్చిన ఫారం అంతా నింపాను, చివరి గడి తప్ప. 'ఇద్దరు స్నేహితుల సంతకాలు' అట! ఇద్దరు స్నేహితులే ఉంటే మీ దాకా ఎందుకొస్తానండీ?

ఇట్లు,
హాస్టల్ మూడో అంతస్తు, చివరి గది అమ్మాయి.

తా.క.: చెప్పుల సైజు కూడా అడిగారు. ఆరు.


చివరి గది అమ్మాయికి ఆశీస్సులు.

రూలు రూలేనమ్మా. సంతకాల్లేని కాగితం నా బల్ల దాటి మేడం గదిలోకి ఇంతవరకూ పోలేదు, పోదు. మీ పక్కగదిలో మనుషులుంటున్నారా, మంచాలుంటున్నాయా? వెళ్లి అడుగు.

ఇట్లు,
గుమాస్తా.

తా.క.: సైజు సంగతి నాకూ తెలీదు. దిగులు పడ్డవాళ్లు తెగ నడుస్తారేమో.


గుమాస్తా గారికి నమస్కారాలు.

ఏడాదిన్నరకి మొదటిసారి పక్కగది తలుపు కొట్టాను. ఆ అమ్మాయి తలుపు సందులోంచే, "ఏంటి?" అంది.

"నా స్నేహితురాలివని సంతకం పెట్టాలి."

"సరే. నీ పేరేంటి?"

చెప్పాను. పెట్టింది. తర్వాత సొరుగులోంచి తన ఫారం తీసింది. ఆర్నెల్లుగా అందులోనే పడుందట! ఇద్దరం కలిసి ఎదురుగదికి వెళ్లాం. మా చేతుల్లో కాగితాలు చూసి ఆ పిల్ల, "ఛీ, మీరూనా?" అని తనదీ తెచ్చింది. ఒకరికొకరం పెట్టేసుకున్నాం. మూడూ జతచేశాను.

ఇట్లు,
అదే అమ్మాయి.

తా.క.: స్నేహితులు దొరికారుగా, ఇంక మేడం ఎందుకనకండి. సంతకాలయ్యాక గదికొచ్చి మళ్లీ ఏడ్చాను.


ముగ్గురమ్మాయిలకీ ఆశీస్సులు.

మీ కాగితాలు లోపలికి తీసుకెళ్లాను. మేడం చదివి నా వంక చూసింది. ఆ చూపు పగవాడికి కూడా వద్దు. అది కొండలెక్కే క్లబ్బులో చేరే ఫారమట! కట్టలు రెండూ ఒకే అరలో ఉంటాయి, రెండూ పచ్చవే. రెండేళ్లుగా నేను అదే పంచుతున్నాను. మా అసలు ఫారంలో సంతకాల గడే లేదు. అదీ తర్వాత నింపొచ్చు, ముందు మనిషిని రమ్మను అంది మేడం. మంగళవారం పదింటి నుంచి మీ ముగ్గురికీ తలో గంట. నన్ను దాటుకుని నేరుగా లోపలికి వెళ్లండి.

ఇట్లు,
తప్పు చేసిన గుమాస్తా.

తా.క.: రెండేళ్లుగా ఒక్కరూ రాకపోయేసరికి, మన పిల్లలకి ఏ దిగులూ లేదని పైకి రిపోర్టు రాసిందీ నేనే. దానికి మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చారు. ఇందాకే గోడ మీంచి దింపాను.