గోడ సున్నం

గురువారం

నేలలో పులుపు ఎక్కువగా ఉంది, సున్నం వేయమని మట్టి పరీక్ష కాగితంలో రాసిచ్చారు. వేప్పనపల్లి అంగట్లో సున్నం అని అడిగాను, మూట ఇచ్చారు. ఏ సున్నమని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

పొద్దున గులాబీ అంట్ల మొదటి సాలుకు చల్లేసి చేతులు కడుక్కుంటుంటే, గొర్రెలు తోలుకుంటూ మునెమ్మత్త వచ్చింది. గట్టు మీద వక్కాకు ఉమ్మొద్దని నిన్ననే ఆమెను నలుగురిలో కసురుకున్నాను. అయినా ఆగింది. మూటలోంచి పిడికెడు తీసి నా చెంబులో వేసి నీళ్లు పోసింది. బుసబుసా పొంగి, చెంబు పట్టుకోలేనంత కాలింది.

“ఇది గోడకేసే సున్నమమ్మా, వేర్లు ఉడికిపోతాయి. కాల్చని సున్నపురాయి పిండి అడుగు, అది నీళ్లలో కాగదు. యాడైనా చల్లినావా?”

“లేదత్తా” అన్నాను. సిగ్గుకు అబద్ధం వచ్చేసింది.

సాయంత్రం ఎవరూ చూడకుండా ఆ సాలు గీకేద్దామని పార తీసుకుని వెళ్లాను. తెల్లటి మట్టి ఎవరో అప్పటికే గీకి గట్టు అవతల పోశారు. మొదళ్లకు కొత్త ఎర్రమట్టి కప్పారు. ఒక్క అంటు కూడా కదల్లేదు. అవి బతుకుతాయో లేదో ఇంకా తెలియదు. రేపు తమలపాకుల కట్ట తీసుకుపోవాలి, ఏం చెప్పి ఇవ్వాలో...

గట్టు మీద వక్కాకు ఉమ్మిన ఎర్ర మరక ఇంకా తడిగా ఉంది. నీళ్లు పోసి కడగబుద్ధి కాలేదు.